స్పాన్ పొట్టలో ఏముంది? అపోహలు - వాస్తవాలు

హేచరీలో పనిచేస్తున్నాను కాబట్టి వానలు మొదలయ్యాయంటే ఈ మాటలు రోజూ వింటాను. ఇక్కడ రాస్తున్నది బొచ్చె, శీలావతి, మోసు చేపల స్పాన్ సంగతి, అంటే గుడ్డు పగిలి బయటపడ్డ కొద్ది రోజుల పిల్లల సంగతి.

అపోహ: గుడ్డు పగిలిన రోజే మేత వెయ్యాలి, లేకపోతే పిల్ల ఆకలికి చస్తుంది.

వాస్తవం: ఆ రోజు దానికి నోరే తెరుచుకోదు. 27–30 డిగ్రీల నీళ్లలో ఫలదీకరణ జరిగిన 14–18 గంటలకు పిల్ల బయటపడుతుంది. కడుపు కింద సొనసంచి, దాని మీదుగా దారంలా తిన్నటి పేగు. అంతే. దాదాపు మూడు రోజులు ఆ సొన తింటూనే నోరు, పేగు, కాలేయం, క్లోమం తయారు చేసుకుంటుంది. నేనూ కొత్తలో తొందరపడి రెండో రోజే ఉడికిన కోడిగుడ్డు సొన కలిపి పోశాను. తెల్లారేసరికి తొట్టి అడుగున కుళ్లు, నీళ్లలో నురగ. తినేవాడు లేని అన్నం అది.

అపోహ: నోరు తెరిచిందిగా, ఇక వేరుశెనగ చెక్క, తవుడు చాలు.

వాస్తవం: ఆ నోట్లో పట్టేది ప్లాంక్టనే, అంటే నీళ్లలో తేలే కంటికి ఆనని జీవులు, అందులోనూ రోటిఫెర్ల వంటి సన్నటివే. కాస్త ఎదిగాక మొయినా అనే కొంచెం పెద్ద నీటి జీవి. వేరుశెనగ చెక్క, తవుడు సమపాళ్లలో వెయ్యడం తప్పు కాదు, కానీ అందులో చాలా భాగం నీళ్లకు ఎరువుగానే పోతుంది. అందుకే స్పాన్ వదలకముందే నర్సరీలో, అంటే పిల్లల్ని పెంచే చిన్న చెరువులో, పేడ వేసి ప్లాంక్టన్ పట్టించాలి.

అపోహ: శీలావతి నాచు తినే చేప, పిల్లకీ అదే మేత.

వాస్తవం: పిల్లప్పుడు మూడు రకాలూ జంతు ప్లాంక్టన్ తినేవే. శీలావతి పేగు తర్వాత చుట్టలు తిరిగి ఒంటి పొడవుకు ఎన్నో రెట్లు సాగుతుంది. నాచు అరిగేది అప్పుడే.

అపోహ: ఎదిగితే జీర్ణాశయం వస్తుంది.

వాస్తవం: ఈ చేపలకు ఎప్పటికీ రాదు. ఆమ్లమూ లేదు, మాంసకృత్తుల్ని అరిగించే పెప్సినూ లేదు. పేగు ముందుభాగమే కాస్త ఉబ్బి మేతను పట్టి ఉంచుతుంది. కనుక ఒకేసారి కుమ్మరించకుండా కొంచెం కొంచెంగా వెయ్యండి. కొర్రమీనుది వేరే లెక్క. దానికి జీర్ణాశయం ఉంటుంది, అదీ పుట్టిన కొన్ని రోజులకు గానీ పనిలో పడదు.

అనుమానం వస్తే నాలుగు పిల్లల్ని తెల్ల సాసరులో వేసి భూతద్దంతో చూడండి. ఒళ్లు అద్దంలా ఉంటుంది. తిన్న పిల్లకు పొట్టలో నల్లటి గీత కనిపిస్తుంది, తిననిదానికి ఆ చోటు ఖాళీగా ఉంటుంది.