క్యాంపర్ ట్రైలర్‌లో చల్లగా పడుకోవాలంటే ఏ కిటికీ తెరవాలి?

టెక్సస్‌లోని గాల్వెస్టన్ తీరంలో జూలై రాత్రి ఉష్ణోగ్రత 27, 28 డిగ్రీల కిందికి దిగడం కష్టం. పగలంతా ఎండలో నిలిచిన క్యాంపర్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల గది) లోపల అయితే రాత్రి పదింటికి కూడా అంతకన్నా నాలుగైదు డిగ్రీలు ఎక్కువే ఉండొచ్చు. కరెంటు కనెక్షన్ ఉన్న స్థలం దొరికితే ఏసీ వేసుకోవచ్చు. దొరక్కపోతే జనరేటర్ కావాలి, కానీ అమెరికా నేషనల్ పార్కుల క్యాంప్‌గ్రౌండ్లలో రాత్రి నిశ్శబ్ద వేళల్లో జనరేటర్ నడపనివ్వరు. ట్రైలర్ పైకప్పు ఏసీ 1,300 నుంచి 1,500 వాట్లు లాగుతుంది. అంత భారాన్ని రాత్రంతా మామూలు బ్యాటరీ మోయలేదు. ఇక మిగిలింది 12 వోల్టుల ఫ్యాన్. డాలస్, హ్యూస్టన్ నుంచి పిల్లాపాపలతో ట్రైలర్ అద్దెకు తీసుకుని వెళ్లే తెలుగు కుటుంబాలకు కూడా దిక్కు అదే.

ఆ ఫ్యాన్‌తో హాయిగా నిద్రపోవడం సాధ్యమే. చాలామంది గాలి చాలడం లేదని ఇంకా పెద్ద ఫ్యాన్ కొంటారు. లోపం ఫ్యాన్‌లో ఉండటం అరుదు, ఎక్కువగా అది తెరిచి ఉంచిన కిటికీల్లోనే ఉంటుంది.

ఫ్యాన్ గాలిని చల్లబరచదు. అది చేసే పనులు రెండు, వాటిని విడివిడిగా చూడాలి. ఒకటి, లోపలి వేడి గాలిని బయటికి పంపి బయటి గాలిని రప్పించడం. రెండు, ఒంటి మీద గాలి ఆడించి చెమట ఆరేలా చేయడం. ట్రైలర్ పైకప్పులో 14 అంగుళాల చదరపు రంధ్రంలో బిగించే వెంట్ ఫ్యాన్ మొదటి పనికి పుట్టింది. అది ఎగ్జాస్ట్‌లో, అంటే గాలిని బయటికి తోసేలా తిరుగుతుంటే దాని కిందే పడుకున్నవారికి కూడా గాలి తగలదు. కారణం తెలియాలంటే ఒక కొవ్వొత్తి వెలిగించి చూడండి. జానెడు దూరం నుంచి ఊదితే ఆరిపోతుంది. అంతే దూరం నుంచి గాలి లోపలికి పీల్చి దాన్ని ఆర్పడం ఎవరి తరమూ కాదు. ఊదిన గాలి ఒకే దిక్కున ధారగా పోతుంది, పీల్చే గాలి అన్ని వైపుల నుంచీ కొంచెం కొంచెంగా వస్తుంది. కాబట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టినప్పుడు గాలి తగిలేది ఫ్యాన్ దగ్గర కాదు, గాలి లోపలికి దూరే కిటికీ దగ్గర.

మొదటి పనికి ఎంత గాలి కావాలో లెక్క వేద్దాం. నిద్రలో ఉన్న పెద్దవారు ఒక్కరి ఒంటి నుంచి దాదాపు 75 వాట్ల వేడి వెలువడుతుంది, ఇద్దరికి 150. నిమిషానికి 100 ఘనపుటడుగుల గాలి మారుతుంటే ఆ వేడి వల్ల లోపలి గాలి బయటికన్నా రెండున్నర డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. 300 ఘనపుటడుగులు మారితే తేడా ఒక్క డిగ్రీకి లోపే. అక్కడి నుంచి వేగం 900కు పెంచినా దక్కేది ఇంకో అర డిగ్రీ, దానికి తోడు మోత. పదహారు అడుగుల ట్రైలర్‌లో సుమారు 20 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. 300 ఘనపుటడుగుల లెక్కన అదంతా రెండున్నర నిమిషాల్లో మారిపోతుంది. గోడలు చల్లబడ్డాక రాత్రికి అది చాలు.

ఇప్పుడు కిటికీ సంగతి. ఆ 300 ఘనపుటడుగుల గాలి నాలుగు కిటికీల నుంచి, మొత్తం రెండు చదరపు అడుగుల సందులోంచి వస్తే దాని వేగం సెకనుకు ముప్పావు మీటరు. అదీ నాలుగు చోట్ల చెదిరిపోయి ఎవరికీ తగలకుండా నేరుగా ఫ్యాన్ వైపు వెళ్లిపోతుంది. మిగతావన్నీ మూసి తల పక్కన కిటికీ ఒక్కటే అర చదరపు అడుగు, అంటే 12 అంగుళాల పొడవు, 6 అంగుళాల ఎత్తు తెరిస్తే అదే గాలి సెకనుకు మూడు మీటర్ల వేగంతో దూరుతుంది. పక్క మీదికి వచ్చేసరికి కొంత నెమ్మదించినా, ఒంటి మీద సెకనుకు ముప్పావు మీటరు గాలి ఆడితే చాలు, రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టే ఉంటుంది. ఇద్దరు పడుకుంటే రెండు కిటికీలు, ఒక్కోటి మూడు అంగుళాలు. అంతకన్నా తెరవొద్దు. ఫ్యాన్‌కు మరీ దగ్గరగా ఉన్న కిటికీని మాత్రం ఎంచుకోకూడదు, గాలి అడ్డదారిన వెళ్లిపోతుంది. ఫ్యాన్ ఒక చివర, తెరిచిన కిటికీ రెండో చివర, మధ్యలో మనుషులు. ఇదే సరైన వరస.

గాలి వాలు కూడా చూసుకోవాలి. వేడి గాలి పైకి లేస్తుంది కదా, కప్పు తెరిస్తే అదే పోతుందని అనుకుంటారు. రెండు మీటర్ల ఎత్తుకు, ఐదు డిగ్రీల తేడాకు పుట్టే పీడనం అర పాస్కల్ కూడా ఉండదు. బయట సెకనుకు రెండు మీటర్ల పిల్లగాలి వీచినా దాని ఒత్తిడి అంతకు ఐదారు రెట్లు. అందుకే ట్రైలర్ నిలిపేటప్పుడే తలవైపు కిటికీ గాలి వచ్చే దిక్కున ఉండేలా చూసుకోవాలి. తీరంలో సాయంత్రం సముద్రం నుంచి, కొండల్లో రాత్రి పైనుంచి లోయలోకి గాలి దిగుతుంది. కిటికీ జాలీ దుమ్ము పట్టి ఉంటే ఇవేవీ పనిచేయవు. చిన్న పురుగులు కూడా దూరలేని సన్న జాలీ అయితే మరీ కష్టం, అది మామూలు దోమల జాలీ కన్నా గాలిని బాగా అడ్డుకుంటుంది. తడి గుడ్డతో తుడిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. పైకప్పు ఫ్యాన్ జాలీని అందరూ మరిచిపోతారు, అది ముందు చూడాలి.

పొద్దుగూకగానే చేయాల్సిన పని వేరు. పగలంతా ఎండ తిన్న కప్పు, గోడలు, అల్మరాలు, పరుపు ఇంకా వేడిని వదులుతూనే ఉంటాయి. బయటి గాలి లోపలికన్నా చల్లబడ్డ క్షణం నుంచి తలుపు, కిటికీలు అన్నీ బార్లా తెరిచి ఫ్యాన్‌ను పూర్తి వేగంతో ఎగ్జాస్ట్‌లో అరగంట, ముప్పావుగంట నడపాలి. అల్మరా తలుపులు కూడా తెరవాలి, పరుపును ఒక పక్కకు ఎత్తి నిలబెట్టాలి. పడుకునే ముందు తలవైపు కిటికీ తప్ప మిగతావి మూసి వేగం తగ్గించుకోవచ్చు. ఈ వేళలో ఫ్యాన్‌ను లోపలికి ఊదేలా తిప్పితే కప్పుకు అంటుకుని ఉన్న వేడి గాలంతా నేరుగా ముఖం మీదికి దిగుతుంది.

పరుపు మరో శత్రువు. ఫోమ్ పరుపు మీద పడుకుంటే వీపు వైపు చర్మానికి గాలే తగలదు, పై నుంచి ఎంత ఊదినా లాభం ఉండదు. మన ఊళ్లలో వేసవిలో నవారు మంచం ఆరుబయట వేసుకోవడంలో ఉన్న సుఖమంతా ఇదే, కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. ట్రైలర్‌లో ప్లైవుడ్ పలకకు రంధ్రాలు చేసి లేదా చెక్క పట్టీలు పరిచి పరుపు వేస్తే ఆ సుఖంలో కొంత దక్కుతుంది. పరుపు అడుగున తడి పట్టి బూజు రావడం కూడా తగ్గుతుంది. ఇద్దరి ఊపిరిలోంచి, చర్మంలోంచి రాత్రికి అర లీటరుకు పైగానే నీరు ఆవిరవుతుంది. గాలి మారకపోతే అది ఎక్కడో ఒకచోట చేరాల్సిందే.

రెండో పనికి, అంటే ఒంటి మీద గాలికి, కిటికీ గాలి చాలకపోతే 0.3 నుంచి 0.5 ఆంపియర్లు లాగే చిన్న ఫ్యాన్ ఒకటి గోడకు బిగించండి. నడుము, కాళ్ల వైపు తిప్పండి, రెండు మూడు అడుగుల దూరం ఉండాలి. ముఖం మీదికి పెడితే తెల్లారేసరికి గొంతు, కళ్లు పొడిబారతాయి. కంప్యూటర్ ఫ్యాన్లు వాడేవారు గమనించాల్సింది ఒకటుంది. ట్రైలర్‌లో 12 వోల్టులు అన్నది పేరుకే, చార్జింగ్ జరిగేటప్పుడు 14.4 దాకా పోతుంది. అంత వోల్టేజీకి తయారు కాని ఫ్యాన్ మోత పెట్టి త్వరగా పాడవుతుంది.

బ్యాటరీ లెక్కలో మోటారు రకం ముఖ్యం. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, అవసరమయ్యే శక్తి మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పూర్తి వేగంలో 3 ఆంపియర్లు లాగేది సగం వేగంలో 0.4 లాగాలి. బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) తరహా మోటార్లలో దాదాపు అలాగే జరుగుతుంది. ఇళ్లలో 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్ తీసేసి 28 వాట్లది పెట్టుకున్నవారికి ఆ మోటారు ఆదా తెలిసిందే. పాత మూడు వేగాల ఫ్యాన్లు రెసిస్టర్ ద్వారా వేగం తగ్గిస్తాయి. మిగిలిన శక్తి అందులో వేడిగా పోతుంది కాబట్టి తక్కువ వేగంలో కూడా ఒకటిన్నర, రెండు ఆంపియర్లు ఖర్చు. తొమ్మిది గంటలకు బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 4 ఆంపియర్ అవర్లు (ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చేది), పాతదానికి 18 దాకా. ట్రైలర్‌లో ఉండే 80 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో నిశ్చింతగా వాడుకోగలిగేది సగమే, అంటే 40. లైట్లు, నీటి పంపు కూడా అందులోంచే. వైరు సన్నదైతే ఇంకో నష్టం. బ్యాటరీ నుంచి ఫ్యాన్‌కు 6 మీటర్లుంటే రానూ పోనూ 12 మీటర్లు. సన్నటి 18 గేజ్ వైరులో 3 ఆంపియర్లకు ముప్పావు వోల్టు పోతుంది, లావుపాటి 14 గేజ్‌లో 0.3 వోల్టే. 5 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ దగ్గరే ఉండాలి, ఫ్యాన్ దగ్గర కాదు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు ఒక ప్రమాదకరమైన గుణం ఉంది. కిటికీలన్నీ మూసేసి దాన్ని నడిపితే అది గాలిని ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి లాగుతుంది. ఫ్యాన్ తిరుగుతుండగా టాయిలెట్ ఫ్లష్ చేస్తే ట్యాంకు కంపంతా లోపలికి రావడానికి కారణం ఇదే, ముందు ఫ్యాన్ ఆపాలి. కంపుతో పోతే సరే. గ్యాస్ హీటర్ పొగ, పక్కవారి జనరేటర్ పొగ కూడా అలాగే లోపలికి వస్తాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవారికి తెలియదు. కిటికీ ఒకటి ఎప్పుడూ తెరిచి ఉండాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో బటన్ నొక్కి చూశాకే పడుకోవాలి.

చర్మం ఉష్ణోగ్రత 35 డిగ్రీల లోపు. లోపలి గాలి దాన్ని మించిందంటే ఫ్యాన్ గాలి ఒంటికి వేడిని మోసుకొస్తుంది, చెమట ఆరడం ఒక్కటే దారి. గాలి పొడిగా ఉండే ఎడారి ప్రాంతంలో తడిపి పిండిన పలచటి దుప్పటి కప్పుకుని దాని మీదికి ఫ్యాన్ పెడితే బాగా చల్లబడుతుంది. గాల్వెస్టన్ లాంటి ఉక్కపోత తీరంలో ఆ తడి ఆరదు. పసిపిల్లలు, వృద్ధులు, గుండె జబ్బుకు మందులు వాడేవారు ఉంటే అలాంటి రాత్రి ఫ్యాన్‌ను నమ్ముకోకూడదు, కరెంటు ఉన్న చోటికో, ఎత్తైన చోటికో మారాలి. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గడం మామూలు. బిగ్ బెండ్ నేషనల్ పార్కులో నది ఒడ్డున ఉన్న రియో గ్రాండ్ విలేజ్ ఎత్తు 1,850 అడుగులు, కొండల నడుమ ఉన్న చీసోస్ బేసిన్ 5,400 అడుగులు. అయితే ఆ పైదారి మలుపులకు 20 అడుగులు మించిన ట్రైలర్ తేవద్దని పార్కు వారి సూచన. పొడవు కొలిచి, అక్కడి క్యాంప్‌గ్రౌండ్ తెరిచి ఉందో లేదో చూశాకే బుక్ చేసుకోండి.