పక్క మెట్టు మీదే కొత్త కీ

జెరోమ్ కెర్న్ 1939లో ‘వెరీ వార్మ్ ఫర్ మే’ అనే బ్రాడ్వే సంగీత నాటకానికి కట్టిన పాట ‘ఆల్ ద థింగ్స్ యూ ఆర్’. నాటకం 59 ప్రదర్శనలకే ఆగిపోయింది. పాటను మాత్రం జాజ్ వాళ్లు వదల్లేదు. 1945లోనే డిజ్జీ గిలెస్పీ, చార్లీ పార్కర్ కలిసి రికార్డు చేశారు.

మొత్తం 36 బార్లు (తాళ ఆవర్తనం లాంటి కొలతలు). ఎ ఫ్లాట్‌లో (ఫ్లాట్ అంటే పియానోలో ఒక మెట్టు కింద) మొదలై సి, ఇ ఫ్లాట్, జి, ఇ మేజర్ కీలు (పాట ఆనుకునే శ్రుతులు) చుట్టి మళ్లీ ఎ ఫ్లాట్‌కే చేరుతుంది. సోలో (ఒక్కరే అప్పటికప్పుడు అల్లి వాయించేది) నేర్చుకునేవాళ్లు బెదిరేది ఇక్కడే: కీ మారినప్పుడల్లా స్కేల్ (ఆ కీలోని స్వరాల వరస) మార్చాలి కదా అని. నన్నడిగితే స్కేళ్లు తర్వాత చూసుకోవచ్చు. ముందు ప్రతి కార్డ్‌లో మూలస్వరం నుంచి మూడోదీ ఏడోదీ పట్టుకోండి. కార్డ్ అంటే కలిపి వాయించే స్వరాల గుంపు, దానికి పేరిచ్చేది మూలస్వరం. కార్డ్ స్వభావమంతా ఆ రెండింట్లోనే ఉంది. మూలస్వరం సంగతి బేస్ వాయించేవాళ్లు చూసుకుంటారు.

మొదటి కార్డ్ ఎఫ్ మైనర్ సెవెన్. అందులో ఆ రెండూ ఎ ఫ్లాట్, ఇ ఫ్లాట్. తర్వాత బి ఫ్లాట్ మైనర్ సెవెన్: ఎ ఫ్లాట్ కదలదు, ఇ ఫ్లాట్ డి ఫ్లాట్‌కి దిగుతుంది. ఆపైన ఇ ఫ్లాట్ సెవెన్: ఈసారి డి ఫ్లాట్ నిలబడితే ఎ ఫ్లాట్ జి అవుతుంది. ఒకటి ఆగుతుంది, ఒకటి దిగుతుంది. మూలస్వరాలు నాలుగేసి స్వరాల చొప్పున ఎక్కుతున్నాయి కాబట్టే ఈ వరస.

అయిదో కార్డ్ డి ఫ్లాట్ మేజర్ సెవెన్. దాని తర్వాత వచ్చే జి సెవెన్ మూలస్వరం సరిగ్గా సగం ఆక్టేవ్ (స్థాయి) దూరం. కాగితం మీద చూస్తే అసలు పొత్తు కుదరదనిపిస్తుంది. వాయిస్తే ఎఫ్ అక్కడే ఉంటుంది, సి పక్క మెట్టు బి మీదికి జారుతుంది, అంతే. ఆ తర్వాతి కార్డ్‌కి ఎఫ్ కాస్తా ఇ అయి సి మేజర్‌లో ఉంటాం. ఇంతవరకూ ప్రతి కార్డ్ మీదా కెర్న్ రాసిన బాణీ ఆ మూడో స్వరాన్నే తాకుతుంది. ఆ రెండు స్వరాలూ సాధన చేస్తే పాట ఎముకల గూడు మీ చేతిలో ఉన్నట్టే.

నాకు మరీ ఇష్టమైన చోటు బ్రిడ్జ్ (పాట మధ్య భాగం) చివర. ఇ మేజర్ మీద బాణీ జి షార్ప్ దగ్గర ఆగుతుంది. పియానోలో ఎ ఫ్లాట్ కూడా ఆ మెట్టే. చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఒకే స్థానంలో ఉంటూ రాగాన్ని బట్టి పేరు మార్చుకున్నట్టు, ఆ స్వరం మారకుండానే కింద కార్డ్ మారి ఎఫ్ మైనర్ తిరిగొస్తుంది.

చివరి 12 బార్లలో మాత్రం ఈ ఆగుడు, దిగుడు కొంతసేపు సాగదు. డి ఫ్లాట్ మేజర్ దగ్గర్నుంచి రెండు స్వరాలూ కలిసి జారడం మొదలెడతాయి. మూడో స్వరాన్నే వెంబడించండి: ఎఫ్, ఇ, ఇ ఫ్లాట్, డి, డి ఫ్లాట్. ఆ డి ఫ్లాట్ ఇ ఫ్లాట్ సెవెన్‌లో ఏడో స్వరంగా నిలిచి, ఎ ఫ్లాట్ మేజర్ రాగానే సి మీదికి దిగుతుంది.