ఏఐకి మన దేశంలో అడ్డూ అదుపూ లేదా? అపోహలు - వాస్తవాలు

ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ టెండర్ల షరతులు పరిశీలించడం నా పని. ఏఐ గురించి జనం నోట తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: ఏఐ చట్టం లేదు, కాబట్టి అడిగే నాథుడు లేడు.

వాస్తవం: ప్రత్యేక చట్టం లేని మాట నిజమే. 2025 నవంబర్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ప్రస్తుతానికి ఉన్న చట్టాలు చాలన్నాయి. అంటే ఐటీ చట్టం ఉంది, 2023 డేటా రక్షణ చట్టం ఉంది, బ్యాంకులకు రిజర్వ్ బ్యాంక్, షేర్ మార్కెట్‌కు సెబీ ఉన్నాయి.

అపోహ: ఢిల్లీ ఒక మాట అంటే ఇక తిరుగుండదు.

వాస్తవం: 2024 మార్చి 1న కేంద్ర ఐటీ శాఖ, సరిగా పరీక్షించని ఏఐ మోడళ్లను జనంలోకి తేవడానికి ముందస్తు అనుమతి తప్పనిసరి అంది. స్టార్టప్‌లు గగ్గోలు పెట్టాయి. రెండు వారాలకే ఆ షరతు తీసేసింది.

అపోహ: ఏఐ ముప్పంటే డీప్‌ఫేక్‌లే, అంటే ఏఐతో తయారుచేసే నకిలీ వీడియోలు, గొంతులే.

వాస్తవం: నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రేషన్ కార్డు. తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ వాహనాలు, ఆస్తుల వంటి రకరకాల రికార్డులను జోడించి, పేరూ చిరునామా పోల్చి, రెండు రికార్డుల్లో ఉన్నది ఒకే మనిషా అని లెక్కగడుతుంది. మన పేర్ల సంగతి తెలిసిందేగా. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకోదాంట్లో వెనక, మరోచోట పొడి అక్షరం. రిక్షా తొక్కిన మనిషిని, అలాంటి పేరే ఉన్న కారు యజమానిగా పొరబడటంతో ఒక కుటుంబానికి బియ్యం ఆగిపోయాయి. సుమారు 19 లక్షల కార్డులు రద్దయ్యాయని వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. నా దృష్టిలో ఇది టెండర్ కాగితంలోనే ఉండాల్సిన షరతు: మనిషి ఇంటికెళ్లి చూడకుండా, నోటీసు ఇవ్వకుండా ఏ పేరూ తీసేయకూడదు. కేవలం అనర్హుల్ని ఏరడమే పనిగా కొన్న సాఫ్ట్‌వేర్‌కు, అర్హుల్ని పోగొట్టుకోవడం తప్పుగా కనిపించదు.

అపోహ: సాఫ్ట్‌వేర్ కోడ్ కంపెనీ రహస్యం, మనకేమీ చెప్పరు.

వాస్తవం: కోడ్ ఇవ్వకపోవచ్చు. కానీ సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) ప్రకారం, నిర్ణయం వల్ల దెబ్బతిన్నవాళ్లకు కారణం చెప్పి తీరాలి. కార్డో పెన్షనో ఆగితే అర్జీలో ఈ మూడూ రాయండి: ఏ రికార్డుతో పోల్చారు, ఇంటికొచ్చి చూసిందెవరు, సంతకం పెట్టిన అధికారి ఎవరు.