ఇంటి కాగితం అమ్మ పేరున

ప్రియమైన పిల్లలకు,

మొన్న సెలవుల్లో మీరు అడిగారు, "ఊరి చివర ఇళ్లన్నీ ఒకే తీరున ఉన్నాయి, ఎవరు కట్టారు అవ్వా?" అని. "ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థ వాళ్లు" అనేసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాను. అంతటితో వదిలేసే మాట కాదది.

మన అనంతపురానికి నైరుతి వాన పడమటి కనుమలు దాటి వచ్చేసరికి చినుకుగా మిగులుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అంతే. దాన్ని నమ్ముకుని చెనిక్కాయ వేస్తారు. పంట ఎండితే మూట కట్టుకుని బెంగళూరుకు కూలికి పోవాలి.

ఇలాంటి చోటికి 1969లో ఫాదర్ ఫెర్రర్ వచ్చారు. పుట్టింది స్పెయిన్‌లోని బార్సిలోనాలో, 1920లో. అంతకుముందు మహారాష్ట్రలోని మన్మాడ్‌లో ఉండేవారు. బావి తవ్వుకునే రైతుకు పని సాగేదాకా గోధుమలు, నూనె ఇచ్చేవారు. పేదలు ఆయన వెంట నడవడం అక్కడి పెద్దలకు కంటగింపైంది. 1968లో ప్రభుత్వం ఆయన్ని దేశం విడిచి పొమ్మంది. ఆయన కోసం వేలమంది రైతులు బొంబాయి దాకా నడిచారు! ఇందిరాగాంధీ కలగజేసుకున్నాక, మరుసటి ఏడాది మన జిల్లాకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన అన్నే గారిని పెళ్లి చేసుకున్నారు. ఇద్దరూ కలిసి నిలబెట్టిందే ఆర్డీటీ.

ఇక ఇళ్ల సంగతి. వాటిలో ఎక్కువగా ఉండేది దళితులు, గిరిజనులు, వెనకబడిన కులాలవాళ్లు. వానకు కారే బోద కొట్టంలో బతికినవాళ్లకు గట్టి గోడ, పైకప్పు దొరికాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. ఇల్లు ఆడమనిషి పేరున రాస్తారు. ఇది చిన్న విషయం అనుకోకండి. మొగుడు తాగొచ్చి "నా ఇంట్లోంచి పో" అంటే బిడ్డను చంకనేసుకుని అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లను నేను చూశాను. కాగితం మీద తన పేరుంటే ఆ మాట అనే ధైర్యం ఎవరికుంటుంది?

డబ్బు ఎక్కడిదంటారా? చాలావరకు స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు పంపాయి. ఒక్కో కుటుంబం ఇక్కడి ఒక బిడ్డకు అండగా నిలుస్తుంది, ఉత్తరాలు నడుస్తాయి. కానీ ఆ డబ్బు ఆ ఒక్క ఇంటికే పోదు. ఊరి పిల్లలందరి సాయంత్రం బడికి, వైద్యానికి, ఆర్డీటీ వాళ్ల బత్తలపల్లి ఆసుపత్రి లాంటివాటికి వెళ్తుంది. ఒకే ఇంటికి ఇస్తే పక్కింటి బిడ్డ ఏమనుకుంటుంది? అందుకే ఆ పద్ధతి నాకు న్యాయంగా అనిపిస్తుంది.

2009 జూన్‌లో ఫాదర్ పోయారు. బత్తలపల్లిలోనే సమాధి చేశారు. అన్నే గారు పని ఆపలేదు. తర్వాత మన పల్లెల్లోనే ఇంటింటా హుండీలు పెట్టారు. ఒకప్పుడు సాయం అందుకున్న ఇళ్లవాళ్లే అందులో రూపాయి, రెండు రూపాయలు వేస్తున్నారు, తల్లిదండ్రులు లేని పిల్లల కోసం.

దసరాకు రండి. బత్తలపల్లి బస్సెక్కి వెళ్లొద్దాం. దారిలో చూపించాల్సినవి చాలా ఉన్నాయి.

మీ అవ్వ