గేమింగ్ పీసీ: కార్డు కంటే ముందు కరెంటు లెక్క

లక్షలు పోసి గేమింగ్ కంప్యూటర్ కట్టించుకునేవాళ్లలో చాలామంది ముందు గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ ఖాయం చేసుకుని, మిగిలిన డబ్బుతో మిగతావన్నీ సర్దేస్తారు. నిజానికి తేలిగ్గా తేలిపోయేవి ఆ రెండే. పై ధరల్లో పోటీపడే మోడళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా ఉండవు. మిషన్ ఐదేళ్లు నిలుస్తుందా, రెండో ఎండాకాలానికే మొరాయిస్తుందా అన్నది మాత్రం వేరేచోట తేలుతుంది. గోడ ప్లగ్గు నుంచి చిప్పు దాకా కరెంటు వచ్చే దారి ఒకటి, చిప్పు నుంచి గది బయటికి వేడి పోయే దారి ఇంకొకటి.

అయినా లెక్క మొదలుపెట్టాల్సింది మానిటర్ దగ్గర. 1080పీ తెర మీద 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. 1440పీలో 36,86,400. 4కేలో 82,94,400, అంటే 1080పీకి సరిగ్గా నాలుగు రెట్లు. సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే 60 హెర్ట్జ్ తెరకు ఒక్కో ఫ్రేమ్ (బొమ్మ) గీయడానికి 16.67 మిల్లీసెకన్ల గడువుంటే, 240 హెర్ట్జ్ తెరకు 4.17 మాత్రమే. పిక్సెళ్లకు రంగులు లెక్కగట్టేది గ్రాఫిక్స్ కార్డు. ఎవరు ఎక్కడున్నారు, తూటా తగిలిందా లేదా, గోడ కూలితే ముక్కలు ఎటు పడాలి అన్నవి ప్రాసెసర్ చూసుకుంటుంది. రిజల్యూషన్ పెంచితే కార్డు మీద బరువు, ఫ్రేములు పెంచితే ప్రాసెసర్ మీద బరువు. 4కేలో కథ ఉన్న గేములు ఆడేవాళ్లు కార్డు మీద ఖర్చు పెట్టాలి. 1440పీ 360 హెర్ట్జ్ తెర మీద పోటీ షూటర్లు ఆడేవాళ్లకు ప్రాసెసర్ ముఖ్యం. 1080పీ మానిటర్‌కు ఆర్‌టీఎక్స్ 5090 లాంటి భారీ కార్డు తగిలించడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

ఉదాహరణకు 4కే ఓఎల్ఈడీ తెర, ఆర్‌టీఎక్స్ 5090 కార్డు, ఏఎండీ కంపెనీ రైజెన్ 7 9800ఎక్స్3డీ ప్రాసెసర్ ఉన్న పీసీనే తీసుకుందాం.

ఈ ప్రాసెసర్‌లో ఉన్నవి ఎనిమిది కోర్లే (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు). పదహారు కోర్లవి అందుబాటులో ఉండగా గేములకు దీన్నే ఎందుకు ఎంచుకుంటారు? 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక్క క్లాక్ (చిప్పు పనిలో ఒక్క అడుగు) అంటే 0.2 నానోసెకను. ఆ సమయంలో కాంతి కూడా 6 సెంటీమీటర్లే వెళ్తుంది. కావలసిన డేటా ర్యామ్ నుంచి రావాలంటే 70, 80 నానోసెకన్లు పడుతుంది. అంటే మూడున్నర వందల క్లాకులకు పైగా ఆ కోరు చేతులు ముడుచుకుని కూర్చోవాలి. చిప్పులోనే ఉన్న ఎల్3 క్యాష్ అనే చిన్న మెమరీలో దొరికితే పది నానోసెకన్ల చిల్లరలో పని అయిపోతుంది. గేము కోడ్ వస్తువు నుంచి వస్తువుకు దూకుతూ మెమరీలో ఎక్కడెక్కడివో అడుగుతుంటుంది, అందుకే దానికి క్యాష్ ఆకలి ఎక్కువ. 9800ఎక్స్3డీలో 96 ఎంబీ ఎల్3 ఉంది. అందులో 64 ఎంబీ విడిగా చేసి అతికించిన పొర. 2022లో వచ్చిన 5800ఎక్స్3డీలో ఆ పొర కోర్లున్న చిప్పు పైన ఉండి వేడికి దుప్పటి కప్పినట్టయ్యేది. 9800ఎక్స్3డీలో దాన్ని చిప్పు కిందికి మార్చారు, కోర్ల వేడి నేరుగా పై మూతలోకి పోతుంది. పదహారు కోర్ల 9950ఎక్స్3డీలో అదనపు క్యాష్ సగం కోర్లకే ఉంటుంది. వీడియో ఎడిటింగ్ లాంటి పనులు లేకపోతే దానికి పెట్టే అదనపు డబ్బు గేములో కనిపించదు.

ర్యామ్ డబ్బా మీద వేగం, సీఎల్ (స్పందించడానికి పట్టే క్లాకులు) అనే రెండు అంకెలు కలిపి చదవాలి. సీఎల్ సంఖ్యను 2000తో గుణించి వేగంతో భాగిస్తే ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది. డీడీఆర్5-6000 సీఎల్30 అయితే 10, అదే వేగంలో సీఎల్36 అయితే 12. పాత డీడీఆర్4-3200 సీఎల్16 కూడా పదే, కాబట్టి "డీడీఆర్5 కదా, ఏదైనా వేగమే" అనుకోవద్దు. 32 జీబీ కావాలంటే రెండు 16లు, 64 కావాలంటే రెండు 32లు తీసుకోండి. నాలుగు స్లాట్లూ నింపితే అందంగా ఉంటుంది, కానీ ఈ ప్రాసెసర్లకు నాలుగు స్టిక్కులతో ఏఎండీ హామీ ఇచ్చే వేగం 3600 మాత్రమే. ఆపైన నడిస్తే అదృష్టం. కొన్న రెండు స్టిక్కులనూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టాలి.

మదర్‌బోర్డు మార్చినంత మాత్రాన ఫ్రేములు పెరగవు. బీ850 రకం బోర్డు చాలామందికి సరిపోతుంది. కొనేముందు మాన్యువల్ పీడీఎఫ్‌లో ఒక్క విషయం చూడండి: రెండో ఎం.2 స్లాట్‌లో ఎస్ఎస్‌డీ పెడితే గ్రాఫిక్స్ కార్డు స్లాట్ 16 లేన్ల (డేటా దారుల) నుంచి 8కి పడిపోతుందా? కొన్ని ఖరీదైన బోర్డుల్లో కూడా ఈ పేచీ ఉంది. ఎస్ఎస్‌డీ 2 టీబీ, టీఎల్‌సీ రకం మెమరీ, జెన్4 (నాలుగో తరం) చాలు. జెన్5 డ్రైవ్ కాగితం మీద సెకనుకు 14,000 ఎంబీ చూపిస్తుంది, గేము లోడయ్యే తేడా మాత్రం గడియారం పెట్టి చూస్తే తప్ప తెలియదు. పైగా హీట్‌సింక్ లేకపోతే కాగి నెమ్మదిస్తుంది.

ఇక అసలు విషయం, ఎస్ఎంపీఎస్, అంటే గోడ కరెంటును పీసీ భాగాలకు తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె. 5090 అధికారిక వినియోగం 575 వాట్లు. ప్రాసెసర్ గరిష్ఠంగా 162 తీసుకుంటుంది. బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, డ్రైవ్‌లకు ఓ 80 వేసుకుంటే 817. మరి 850 వాట్ల ఎస్ఎంపీఎస్ చాలదా? చాలదు. గ్రాఫిక్స్ కార్డు వాడకం సాఫీగా ఉండదు, మైక్రోసెకన్ల పాటు ఎగిరెగిరి పడుతుంటుంది. గేము మధ్యలో తెర నల్లబడి మిషన్ దానంతటదే రీస్టార్ట్ అయితే చాలాసార్లు కారణం ఇదే: ఆ కుదుపుకి ఎస్ఎంపీఎస్ రక్షణ సర్క్యూట్ కట్ చేసింది. ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ కుదుపుల కోసమే వచ్చింది. 100 మైక్రోసెకన్ల పాటు తన వాటేజీకి రెట్టింపును తట్టుకోవాలని అది అడుగుతుంది. డబ్బా మీద ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని ఉన్న 1000 వాట్లది తీసుకోండి. 80 ప్లస్ గోల్డ్ ముద్ర సామర్థ్యం సంగతే చెబుతుంది, సగం లోడు దగ్గర 230 వోల్టుల మీద 92 శాతం అని. లోపలి భాగాల నాణ్యతకు ఆ ముద్ర పూచీ కాదు.

ఇందులో ఘోరమైన తప్పు ఒకటుంది, నిశ్శబ్దంగా జరిగిపోతుంది. మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడివచ్చే) ఎస్ఎంపీఎస్ మార్చినప్పుడు పాత కేబుళ్లు ఎలాగూ బిగించే ఉన్నాయి కదా అని అలాగే ఉంచేస్తారు. కేబుల్‌కు భాగాల వైపు చివర అన్ని కంపెనీలదీ ఒకటే, ఎస్ఎంపీఎస్ వైపు చివరకు మాత్రం ప్రమాణం లేదు. ఒకే కంపెనీ రెండు మోడళ్ల మధ్య కూడా పిన్నుల వరస మారొచ్చు. ప్లగ్గు చక్కగా కూర్చుంటుంది, 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తాయి, హార్డ్‌డిస్కులు ఆ క్షణంలోనే పోతాయి.

గ్రాఫిక్స్ కార్డుకు పెట్టే పదహారు పిన్నుల కనెక్టర్‌ను దగ్గర్నుంచి చూడాలి. 2022 అక్టోబరులో 5090కి ముందు తరం కార్డు 4090 వచ్చిన కొద్ది రోజులకే ఇవి కరిగిన ఫొటోలు బయటికి వచ్చాయి. కారణం మామూలు గుణకారాలు, భాగహారాలతోనే తెలుస్తుంది. పాత ఎనిమిది పిన్నుల కనెక్టర్ 150 వాట్లను మూడు తీగల మీద మోసేది, తీగకు 4.2 ఆంపియర్లు. కొత్తది 600 వాట్లను ఆరు తీగల మీద మోస్తుంది, తీగకు 8.3. పిన్ను తట్టుకోగలిగేది 9.5 దరిదాపుల్లో. పాతదానిలో ఉన్న వెసులుబాటు కొత్తదానిలో కొద్దిగానే మిగిలింది. ఇప్పుడు రెండు పిన్నులు సరిగ్గా ఆనలేదనుకుందాం. కరెంటు మిగతా నాలుగింటి మీదికి మళ్లి తీగకు 12.5 అవుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఒక్కో పిన్ను దగ్గర వేడి రెండుంపావు రెట్లు. ప్లాస్టిక్ మెత్తబడుతుంది, పిన్ను మరింత వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. సవరించిన 12వీ-2ఎక్స్6 సాకెట్‌లో నాలుగు చిన్న సెన్స్ పిన్నులను పొట్టిగా చేశారు. ప్లగ్గు పూర్తిగా దిగకపోతే అవి తగలవు, కార్డు కరెంటు లాగదు. మంచి ఏర్పాటే, కానీ తీగల మధ్య కరెంటు సమంగా పంచుకోవడాన్ని అది చూడదు. 5090ల్లోనూ 2025 ఫిబ్రవరిలో కరిగిన సంఘటనలు బయటపడ్డాయి. కొన్ని ఖరీదైన కార్డుల్లో ఒక్కో పిన్ను కరెంటును విడిగా కొలిచి హెచ్చరించే ఏర్పాటు ఉంది. ఈ ఒక్క సంగతికి అదనంగా డబ్బు పెట్టినా తప్పులేదు.

బిగించేటప్పుడు కార్డును వెనక నుంచి ఆనించి పట్టుకుని, ప్లగ్గును క్లిప్పు పడేదాకా నిటారుగా నొక్కాలి. టార్చ్ వేసి చూస్తే అంచు దగ్గర సందు కనబడకూడదు. మొదటి 35 ఎంఎం తీగను వంచకూడదు. అంటే క్యాబినెట్ వెడల్పు కొలిచేటప్పుడు కార్డు ఎత్తుకి ఇది కూడా కలపాలి, లేకపోతే పక్క గ్లాసే తీగను వంచేస్తుంది. ఈ కనెక్టర్ 30 సార్లు పెట్టి తీయడానికే రూపొందింది. ఊరికే తీసి చూస్తుండకండి.

కరెంటు దారి క్యాబినెట్‌తో ఆగదు. మన ఇళ్లలో చాలాచోట్ల మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక ఎర్తింగ్ ఉండదు. ఎస్ఎంపీఎస్ లోపల రెండు చిన్న కెపాసిటర్లు లైవ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి బాడీకి కలిసి ఉంటాయి. ఎర్తింగ్ లేకపోతే బాడీ సుమారు సగం వోల్టేజీ, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంటుంది. కరెంటు మిల్లీఆంపియర్ లోపే కాబట్టి చెయ్యి జివ్వుమంటుంది, అంతే. వెనక స్క్రూ మీద టెస్టర్ పెడితే బల్బు వెలుగుతుంది. మనిషికి పెద్దగా ఏమీ కాకపోయినా, ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ వైరు పెట్టి తీస్తుంటే పోర్టు పోవచ్చు. ఎలక్ట్రీషియన్ చేత మల్టీమీటర్‌తో చూపించండి: లైవ్‌కీ ఎర్త్‌కీ మధ్య సుమారు 230, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి.

యూపీఎస్ దగ్గర వీఏ అంకె చూసి మోసపోతుంటారు. 1000 వీఏ అని రాసినవి చాలావరకు 600 వాట్లే ఇస్తాయి. గేము నడుస్తుండగా కరెంటు పోతే అవీ ఆగిపోతాయి. ఈ పీసీకి వాట్లలో వెయ్యి చూపించేది కావాలి. ఇంటి ఇన్వర్టర్ మీదే నడపాలనుకుంటే అది ప్యూర్ సైన్‌వేవ్‌దై ఉండాలి, వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. ఏటీఎక్స్ 3.1 ప్రకారం పూర్తి లోడు మీద ఎస్ఎంపీఎస్ కరెంటు లేకుండా 12 మిల్లీసెకన్లు ఓర్చుకుంటే చాలు. ఇన్వర్టర్ అంతకంటే ఆలస్యంగా మారితే పీసీ ఆగిపోతుంది.

లోపలికి వచ్చిన ప్రతి వాటూ వేడిగా బయటికి పోవాల్సిందే. మానిటర్‌తో కలిపి 850 వాట్లనుకోండి. ఒక టన్ను ఏసీ తోడిపోసే వేడి 3,517 వాట్లు. అంటే టన్నున్నర ఏసీ సామర్థ్యంలో ఆరో వంతు ఈ పీసీకే పోతుంది. కూలర్లు గది కంటే చల్లగా చేయలేవు. గది ఉష్ణోగ్రతకు ఎంత పైన ఉండాలో మాత్రమే నిర్ణయిస్తాయి. 25 డిగ్రీల గదిలో 70 చూపించే కార్డు, మే నెలలో విజయవాడలో ఏసీ లేని 38 డిగ్రీల గదిలో 83కి చేరుతుంది. విదేశీ రివ్యూల్లో కనిపించే అంకెలకు ఆ పదమూడూ కలుపుకుని చదవాలి.

కాబట్టి ముందు భాగం జాలీ ఉన్న క్యాబినెట్ కొనండి. ముందు గ్లాసు ఉన్నవి ఫొటోల కోసం. ముందు మూడు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి, పైన ఒకటో రెండో బయటికి. లోపలికొచ్చే గాలి కాస్త ఎక్కువుంటే దుమ్ము సందుల్లోంచి కాకుండా ఫిల్టర్ల గుండానే వస్తుంది. ఆ ఫిల్టర్లు మన దుమ్ముకు నెలకోసారి దులపాలి. ఈ ప్రాసెసర్‌కు రెండు టవర్ల ఎయిర్ కూలర్ చాలు. లిక్విడ్ కూలరే కావాలంటే రేడియేటర్ పైన పెట్టండి, లోపలి గాలిబుడగ పంపులో కాకుండా రేడియేటర్‌లో నిలుస్తుంది. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించేయడం ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

వేడి తగ్గించే చవకైన మార్గం ఇంకొకటుంది. చిప్పు తినే కరెంటు, పౌనఃపున్యంతో పాటు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే వాట్లు 19 శాతం తగ్గుతాయి. ఆఖరి కొద్ది మెగాహెర్ట్జ్ కోసమే కార్డు వోల్టేజీని ఎడాపెడా పెంచుకుంటుంది. ఎండాకాలంలో 5090 పవర్ లిమిట్ 80 శాతానికి దించితే 115 వాట్లు మిగులుతాయి, ఫ్రేములు తగ్గేది స్వల్పం. కనెక్టర్ మీద బరువూ ఆ మేరకు తగ్గుతుంది.

కొనేటప్పుడు ప్రతి వస్తువు సీరియల్ నంబరూ జీఎస్టీ బిల్లు మీద రాయించుకోండి, అది సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనైనా, ఆన్‌లైన్‌లోనైనా. అమెరికా నుంచి వచ్చే అన్నయ్య చేత కార్డు తెప్పించుకుంటే కొంత మిగలొచ్చు, కానీ చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం.

మొదటిసారి స్విచ్ వేశాక తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది. డీడీఆర్5 మెమరీ ట్రైనింగ్, అంటే ర్యామ్‌తో ప్రాసెసర్ లయ కుదుర్చుకోవడం, జరుగుతోందన్నమాట. కంగారుపడి ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఆ తర్వాత బయోస్ (మదర్‌బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) కొత్తది వేయండి. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్పులు కాలిపోతే, ఏఎండీ ఎస్ఓసీ (ప్రాసెసర్‌లో ఒక భాగం) వోల్టేజీని 1.3 వోల్టులకు కట్టడి చేసింది బయోస్ ద్వారానే. అక్కడే ఎక్స్‌పో (ర్యామ్‌ను డబ్బా మీది వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే 6000 ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. మానిటర్ వైరు మదర్‌బోర్డుకు కాదు, కార్డుకే పెట్టారా? విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 హెర్ట్జ్ తీసేసి 240 పెట్టారా? అన్నీ అయ్యాక భారీ గేము ఓ గంట నడిపి, ఆపిన వెంటనే ఎస్ఎంపీఎస్ నుంచి కార్డుకు వెళ్లే కేబుల్‌ను కనెక్టర్ దగ్గర వేళ్లతో పట్టుకుని చూడండి. అన్ని తీగలూ ఒకేలా గోరువెచ్చగా ఉండాలి. ఒక్కటి మాత్రం చురుక్కుమంటే వెంటనే పవర్ తీసేసి, ప్లగ్గు మళ్లీ బిగించండి. అయినా అదే తీగ కాలుతుంటే కేబుల్ మార్చాల్సిందే.