సెంట్రల్ పార్కు, చుట్టూ ఉన్న మ్యూజియంలు: అపోహలు - వాస్తవాలు

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే న్యూజెర్సీ తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒక శనివారం న్యూయార్క్‌కే. "పొద్దున సెంట్రల్ పార్కు, పక్కనే రెండు మ్యూజియంలు, సాయంత్రం టైమ్స్ స్క్వేర్" అని లెక్క వేస్తారు. మధ్యాహ్నం రెండయ్యేసరికి పెద్దవాళ్ళ మోకాళ్ళు మొరాయిస్తాయి. ఆ అలసటలో సగం తప్పు లెక్కల వల్ల వచ్చేదే.

అపోహ: పార్కంతా ఒక పూటలో చుట్టేయొచ్చు.
59వ వీధి నుంచి 110వ వీధి దాకా నాలుగు కిలోమీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు, మొత్తం 843 ఎకరాలు. అడ్డంగా దాటడం పది నిమిషాల పనే అనిపిస్తుంది. కానీ లోపలి బాటలన్నీ మెలికలు తిరిగి, ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. పెద్దవాళ్ళతో అయితే అరగంట పడుతుంది. అందుకే రోజుకు ఒక్క ముక్కే పెట్టుకోండి. మొదటిసారి వచ్చేవాళ్ళకి 72 నుంచి 86వ వీధి దాకా ఉన్న భాగం మంచిది. బెథెస్డా ఫౌంటెన్, బో బ్రిడ్జ్, బెల్వెడీర్ కాసిల్, షేక్‌స్పియర్ గార్డెన్ అన్నీ అక్కడే. తూర్పు అంచున మెట్రోపాలిటన్ మ్యూజియం (అందరూ మెట్ అంటారు), పడమట రోడ్డు దాటితే నేచురల్ హిస్టరీ మ్యూజియం.

దారి తప్పితే దగ్గరలోని దీపస్తంభం దగ్గరికి వెళ్ళండి. దాని మీద చిన్న లోహపు పలక, అందులో నాలుగు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 7806 అని ఉందనుకోండి. మొదటి రెండంకెల్ని బట్టి మీరు 78వ వీధి దరిదాపుల్లో ఉన్నట్టు. చివరి అంకె సరిసంఖ్య కాబట్టి పార్కు తూర్పు సగంలో ఉన్నారు. బేసి అయితే పడమటి సగం. ఫోనులో చార్జింగ్ అయిపోయినా ఈ లెక్క పనిచేస్తుంది.

అపోహ: నగరం మధ్యలో మిగిలిపోయిన అడవి ఇది.
పార్కులో అభ్రకంతో తళుక్కుమనే నల్లరాళ్ళు మాత్రం సహజమైనవే. మిగతాది దాదాపు అంతా ఓమ్‌స్టెడ్, వాక్స్ అనే ఇద్దరు రూపశిల్పులు 1858లో గీసిన నక్షా ప్రకారం కట్టింది. చెరువులు తవ్వినవి, ఉత్తరాన ఉన్న జలపాతాల్లోకి నీళ్ళు గొట్టాల్లోంచి వస్తాయి. పడమటి వైపు 82 నుంచి 89వ వీధి దాకా సెనెకా విలేజ్ అనే ఊరు ఉండేది. అక్కడ నల్లజాతివారు సొంత భూములు కొనుక్కుని, ఇళ్ళూ చర్చిలూ కట్టుకున్నారు. పార్కు కోసం 1857లో వాళ్ళను ఖాళీ చేయించారు. ఆ చోట పెట్టిన బోర్డులు పిల్లలతో చదివించండి.

అపోహ: న్యూజెర్సీ ఐడీ చూపిస్తే మెట్‌లో ఇష్టమొచ్చినంత ఇచ్చి వెళ్ళొచ్చు.
అందరూ తికమకపడేది ఇక్కడే. 2018 నుంచి మెట్‌లో ఆ సౌకర్యం న్యూయార్క్ రాష్ట్రంలో నివసించేవారికీ, న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్ విద్యార్థులకీ మాత్రమే. న్యూజెర్సీ ఊరు ఎడిసన్‌లో ఉండి ఉద్యోగం చేసుకునే పెద్దవాళ్ళు 30 డాలర్లు పెట్టాల్సిందే. 65 దాటినవారికి 22, పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ఉచితం. నేచురల్ హిస్టరీ మ్యూజియంలో మాత్రం మూడు రాష్ట్రాల నివాసులూ సాధారణ ప్రవేశానికి తోచినంత ఇవ్వొచ్చు. చిరునామా రుజువు దగ్గర ఉంచుకోండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఇది వర్తించదు, వాళ్ళకు పూర్తి టికెట్టే.

మెట్‌కి బుధవారం సెలవు. శుక్ర, శనివారాల్లో రాత్రి తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది కాబట్టి పగలు పార్కు, ఎండ తగ్గాక మ్యూజియం అనుకుంటే హాయి.

అపోహ: మెట్ మెట్లన్నీ ఎక్కితేనే లోపలికి.
ఫిఫ్త్ అవెన్యూ మీద 81వ వీధి దగ్గర నేలమట్టంలో ఇంకో ద్వారం ఉంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళని అటు తీసుకెళ్ళండి. వీల్‌చెయిర్లు ఉచితంగా ఇస్తారు. పెన్ స్టేషన్ నుంచి సీ (C) సబ్‌వే రైలెక్కి 81వ వీధిలో దిగి, ఎం79 బస్సులో పార్కు దాటితే నడక చాలా తగ్గుతుంది. 81వ వీధిలో ఆగే బీ (B) రైలు శని, ఆదివారాల్లో తిరగదు, దాని కోసం ఎదురుచూడొద్దు.

అపోహ: ఫణిగిరి బౌద్ధ శిల్పాలు మెట్‌లోనే ఉన్నాయి.
2023లో తెలంగాణ నుంచి ఫణిగిరి తోరణ శిల్పాలు మెట్‌కి వెళ్ళిన మాట నిజం. అవి ప్రదర్శన కోసం అరువుగా వెళ్ళినవి, ఆ ప్రదర్శన నవంబరులో ముగిసింది. ఇప్పుడు వాటి కోసం గ్యాలరీలు తిరగొద్దు.

అపోహ: క్లియోపాత్రా నీడిల్ క్లియోపాత్రా కట్టించింది.
ఆమెకు పద్నాలుగు వందల ఏళ్ళ ముందు ఈజిప్టు రాజు మూడో తుట్మోస్ చెక్కించిన స్తంభం అది. మెట్ వెనకే 1881 నుంచి నిలబడి ఉంది. కిందకి వంగి మూలల్లో చూడండి: కంచు పీతలు కనిపిస్తాయి. ఇవి నకళ్ళు. రోమన్లు పోత పోయించిన అసలు పీతల్లో మిగిలిన రెండూ మెట్‌లో ఉన్నాయి.

అపోహ: కన్సర్వేటరీ గార్డెన్‌లో గాజు గృహం ఉంటుంది.
ఉండేది, 1934లో కూల్చేశారు. ఇప్పుడు 105వ వీధి దగ్గర ఆరెకరాల్లో ఇటాలియన్, ఫ్రెంచ్, ఇంగ్లిష్ పద్ధతుల్లో మూడు తోటలున్నాయి, ప్రవేశం ఉచితం. ఏప్రిల్ చివర, మే మొదట్లో వెళ్తే క్రాబ్‌యాపిల్ చెట్లు నిండుగా పూసి ఉంటాయి. పార్కు మొత్తంలో మా ఓటు దీనికే. టాక్సీ డ్రైవరుకి మాత్రం వీధి నంబరు చెప్పండి. కన్సర్వేటరీ వాటర్ అని 74వ వీధి దగ్గర పిల్లలు బొమ్మ పడవలు నడిపే కొలను ఇంకొకటి ఉంది. పొరపాటున అక్కడ దిగితే తోట రెండున్నర కిలోమీటర్ల దూరం.

అపోహ: సెంట్రల్ పార్కు జూలో ఏనుగులు, పులులు ఉంటాయి.
జూ ఆరున్నర ఎకరాలే. సీ లయన్లు, పెంగ్విన్లు, మంచు చిరుతలు చూడొచ్చు. పెద్ద జంతువుల కోసం అయితే 265 ఎకరాల బ్రాంక్స్ జూకి వెళ్ళాలి. టికెట్ కొనకపోయినా జూ బయట డెలకోర్ట్ గడియారం దగ్గర ఆగండి. పగలు ప్రతి అరగంటకీ ఎలుగుబంటి, ఏనుగు, కంగారూ బొమ్మలు వాయిద్యాలు పట్టుకుని పాటకు తగ్గట్టు చుట్టూ తిరుగుతాయి.

అపోహ: పార్కులో తిప్పే రిక్షావాడు "ఏడు డాలర్లు" అన్నాడంటే మనిషికి ఏడు.
నిమిషానికి ఏడు. నలభై నిమిషాలు తిరిగితే 280 డాలర్లు. రేటు కార్డు బండి మీద కనపడేలా పెట్టాలని నగరం నిబంధన. ఎక్కకముందే కార్డు చదివి, ఎన్ని నిమిషాలో మాట్లాడుకుని, మీ ఫోనులో టైమర్ పెట్టుకోండి.