జిమ్ గోడ నుంచి గుట్ట మీదికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

నవంబరులో చలి మొదలవగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, జిమ్‌లో గోడ ఎక్కడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. ఈ ఆదివారం గుట్టకి తీసుకెళ్తారా?" అని. ఆ గొంతుల్లో ఉత్సాహం వింటే నాకూ హుషారొస్తుంది. నేను హైదరాబాద్ గుట్టల మీదే ఎక్కడం నేర్చుకున్నాను. ఇక్కడి గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఇంత మంచి రాయి ఇంటి పక్కనే ఉండటం మన అదృష్టం. అయితే ఆ ఫోన్లలో వినిపించే కొన్ని నమ్మకాలు ఏటా అవే ఉంటున్నాయి. వాటిని నమ్ముకుని గుట్టకి వచ్చి దెబ్బలు తగిలించుకున్నవాళ్లని చూశాను. అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నాను.

అపోహ: జిమ్‌లో వీ5 ఎక్కుతున్నాను, బయట కనీసం వీ4 ఎక్కేస్తాను.

ఒక బండ ఎక్కడం ఎంత కష్టమో అంకెల్లో చెప్పే ఈ వీ స్కేల్ అసలు పుట్టిందే బయటి బండల మీద. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని హ్యూకో ట్యాంక్స్ బండల కోసం తయారైన కొలత అది. అలాంటి ఇంకో కొలత ఫాంట్ గ్రేడ్లేమో ప్యారిస్ దగ్గర ఫాంటెన్‌బ్లో అడవిలోని బండల మీద పుట్టాయి. జిమ్‌లు ఆ అంకెలను తెచ్చుకుని తమ దగ్గరికి వచ్చేవాళ్లకి తగ్గట్టు వాడుకుంటాయి. ఒక జిమ్ వీ5కీ ఇంకో జిమ్ వీ5కీ పొంతన ఉండదు. జిమ్‌లో వీ5 చేసేవాళ్లు బయట వీ1 దగ్గర ఆగిపోవడం చాలా మామూలు విషయం. మొదటి రోజు అలా జరిగితే మీకు ఎక్కడం రాదని అనుకోకండి.

ఆగిపోవడానికి పెద్ద కారణం కాళ్లు. జిమ్‌లో ఎక్కడ కాలు పెట్టాలో గోడకి బిగించిన పట్ల రంగు చెప్తుంది. గుట్ట మీద రంగుల్లేవు, మనమే వెతుక్కోవాలి. పోయిన చలికాలం ఖాజాగూడలో ఒక కుర్రాడిని వాలుబండ మీద ఎక్కించాను. చేతుల్లో మంచి బలం ఉంది, పుల్లప్స్ పాతిక తీస్తాడు. ఆ వాలు మీద చేత్తో పట్టుకోవడానికి ఏమీ లేదు. టెన్షన్‌లో రాతిని కావలించుకున్నాడు, మడమలు పైకి లేచాయి, బూటు జర్రున జారింది. మళ్లీ ఎక్కాడు, మళ్లీ జారాడు. అప్పుడు దగ్గరికి పిలిచి రాయి చూపించాను. బూడిదరంగు బండలో అక్కడక్కడ గులాబీరంగు ఫెల్డ్‌స్పార్ పలుకులు, గోరంత సైజువి, పైకి పొడుచుకుని ఉంటాయి. బొటనవేలి దగ్గరి రబ్బరు అలాంటి పలుకు మీద ఆనించి, మడమ కిందికి దించి, నడుము రాతికి కాస్త దూరంగా జరిపితే ఒంటి బరువంతా పాదం మీద పడుతుంది. బరువు పడితేనే రబ్బరు పట్టుకుంటుంది. భయపడి రాతికి అతుక్కున్నకొద్దీ జారతాం. అది అర్థమయ్యాక అతను అరచేతులు ఊరికే బండ మీద ఆనించి నడిచినట్టు ఎక్కేశాడు. ఆ రోజు అతని పుల్లప్స్ ఒక్కటీ అవసరం పడలేదు.

అపోహ: బిలే టెస్ట్ పాసయ్యాను, తాడు పని నాకు వచ్చు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెట్టే మాట ఇదే.

బిలే అంటే ఎక్కేవాళ్ల తాడుని కింద నుంచి ఒక పరికరంతో పట్టుకోవడం. జిమ్ టెస్ట్‌లో తాడుకి వేసే ఎనిమిది ముడి సరిగ్గా పడిందా, నడుముకీ తొడలకీ వేసుకునే పట్టీలు (హార్నెస్) బిగించారా, తాడుని ఆపే బ్రేక్ చెయ్యి తాడు వదలకుండా ఉందా, కిందికి నెమ్మదిగా దించుతున్నారా అని చూస్తారు. బయటా ఇవన్నీ కావాలి. కానీ జిమ్‌లో పైన యాంకర్, అంటే తాడు వేలాడే ఆధారం, ముందే ఎవరో బిగించి ఉంచారు. దాన్ని ఎవరో తనిఖీ చేస్తుంటారు. గోడకి సరిపోయే తాడు ఎవరో చూసి కట్టారు. మన కంటికి కనబడని పనులు కాబట్టి అవి ఉన్నాయనే మనకి తోచదు. గుట్ట దగ్గర ఆ పనులన్నీ మన మీదే పడతాయి.

మన దగ్గర చాలా బండల మీద తాడు తగిలించడానికి రాతిలో దిగ్గొట్టిన బోల్టులు ఉండవు. పైనున్న పెద్ద బండ చుట్టూనో, లావాటి చెట్టు మొదలుకో స్లింగ్ అనే గట్టి పట్టీ చుట్టి యాంకర్ కడతాం. ఆధారాలు కనీసం రెండు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావాలి. ఒకటి ఊడినా రెండోది మనిషిని మోయాలి. బండ ఎంత పెద్దదైనా వంగి దాని అడుగు ఎక్కడ ఆనిందో చూడాల్సిందే. బండ మీద బండ నిలబడి ఉండటం మన దక్కన్ అందం, యాంకర్ కట్టేటప్పుడు మాత్రం సరిగ్గా అక్కడే అనుమానించాలి. నెర్రెలో మొలిచిన రావిచెట్టు చూడ్డానికి బలంగా కనిపిస్తుంది, కింద మట్టి ఎంతుందో తెలియదు. నేను దాన్ని లెక్కలోకి తీసుకోను.

తాడు వేసే క్యారబైనర్, అంటే తెరిచి మూసే లోహపు కొక్కెం, బండ అంచు దాటి కిందికి వేలాడాలి. పొడుగునా లాగితే కనీసం 20 కిలోన్యూటన్లు, అంటే రెండు టన్నుల పైన తట్టుకునేలా క్యారబైనర్లు తయారుచేస్తారు. అడ్డంగా లాగితే ప్రమాణం ప్రకారం ఉండాల్సిన బలం 7 కిలోన్యూటన్లే. అంచు మీద పడి వంకరగా నొక్కుకుంటే దాని బలం ఎంతో ఎవరూ చెప్పలేరు. స్లింగ్ రాతికి ఒరుసుకునే చోట మందపాటి గుడ్డ వేస్తాం. నా బ్యాగులో పాత జీన్స్ ప్యాంటు కాలు ముక్క ఎప్పుడూ ఉంటుంది.

లీడ్ చేయాలనుకునేవాళ్లకి, అంటే తాడు వెంట తీసుకెళ్తూ దారిలోని బోల్టులకి తగిలిస్తూ ఎక్కాలనుకునేవాళ్లకి, ఇంకో మెట్టు ఉంది. కర్ణాటకలోని బాదామిలో ఎర్రటి ఇసుకరాయి మీద బోల్టులు కొట్టిన రూట్లున్నాయి. అక్కడికి ఒకసారి జిమ్‌లో బాగా లీడ్ చేసే అమ్మాయిని తీసుకెళ్లాను. చకచకా పైదాకా వెళ్లింది. అక్కడ రెండు బోల్టులు, రెండు రింగులు. "అక్కా, ఇప్పుడేం చెయ్యాలి?" అని పైనుంచి కేక. జిమ్‌లో అయితే పైనున్న క్యారబైనర్లో తాడు వేసి దిగిపోవడమే. ఇక్కడ మన సామాను మనం తీసుకుని, తాడు రింగుల్లోంచి దూర్చి దిగాలి. కిందే నేర్పించి ఉండాల్సింది, నేర్పించకుండా పైకి పంపడం నా తప్పు. ఆ అమ్మాయిని అలాగే దించి, నేను ఎక్కి సామాను తెచ్చాను. ఆ తర్వాత ఎవర్నీ నేర్పకుండా పంపలేదు.

ఆ పని వరుస ఇది. ముందు స్లింగుతో, లాక్ అయ్యే క్యారబైనర్లతో మనల్ని రెండు బోల్టులకీ కట్టేసుకోవాలి. బిలేయర్ అప్పుడు కూడా మనల్ని పట్టుకునే ఉండాలి. కొంచెం తాడు వదులు తీసుకుని, దాన్ని మడిచి రింగుల్లోంచి తోసి, ఆ మడతకి ఎనిమిది ముడి వేసి, లాక్ క్యారబైనర్‌తో హార్నెస్ ముందున్న బిలే లూప్‌కి తగిలించాలి. అది తగిలించాకే పాత ముడి విప్పాలి. తాడు బిగించమని కేకేసి, బరువు దాని మీద వేసి చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని కళ్లతో చూశాక చివరగా స్లింగ్ తీయాలి. మొదటి నుంచి చివరిదాకా ఒక్క క్షణం కూడా తాడు మనల్ని వదలదు. ఇంట్లో కిటికీ ఊచలకి రెండు క్యారబైనర్లు తగిలించి ఇది వంద సార్లు చేయొచ్చు. కానీ మొదటిసారి తెలిసిన మనిషి పక్కన నిలబడి చూడాలి. చదివి నేర్చుకునే విద్య కాదిది.

పైకి వెళ్లే ముందే కిందున్నవాళ్లతో మాట్లాడుకోండి: "నన్ను నువ్వే దించుతావు, బిలే తీయొద్దు." పైనున్న మనిషి సొంతంగా దిగుతాడనుకుని కిందివాళ్లు తాడు వదిలేసిన ప్రమాదాలు ప్రపంచమంతటా జరిగాయి. గాలికి సగం మాట వినపడదు. ఇంకోటి, 60 మీటర్ల తాడుతో 30 మీటర్లకి మించి ఎక్కినవాళ్లని కిందిదాకా దించలేం. 15 మీటర్ల జిమ్ గోడ దగ్గర ఆ లెక్క ఎప్పుడూ మనసులోకి రాదు. కాబట్టి బయట తాడు రెండో చివర ముడి వేయడం అలవాటు చేసుకోవాలి. ఆ ముడి లేకపోతే తాడు చివర బిలే పరికరంలోంచి జారిపోతుంది, పైనున్నవాళ్లు పడిపోతారు.

అపోహ: గ్రానైట్ గట్టి రాయి, ఊడదు.

లోపల గట్టిదే. పైన మాత్రం ఎండకీ వానకీ ఉల్లిపాయలా పొరలు విడుతుంది. బాగా కనిపించే పట్టు ఒక్కోసారి అలా విడిన పెచ్చే అవుతుంది. పట్టుకునే ముందు పిడికిలితో తట్టండి. గట్టి రాయైతే చెయ్యి నొప్పెడుతుంది తప్ప శబ్దం రాదు. పెచ్చయితే ఖాళీ కుండని తట్టినట్టు డొల్లగా పలుకుతుంది. అది వినపడితే దాన్ని ముందుకి లాగకండి, వీలైతే ముట్టుకోకుండా పక్కనుంచి వెళ్లండి. హెల్మెట్ ఎక్కేవాళ్లకే కాదు, కింద తాడు పట్టుకున్నవాళ్లకీ కావాలి. పైనుంచి పడే రాయి ముందు తగిలేది వాళ్లకే.

అపోహ: బౌల్డరింగ్‌లో ఎత్తు తక్కువ, ప్రమాదమూ తక్కువ.

బౌల్డరింగ్ అంటే తాడు లేకుండా తక్కువ ఎత్తు బండలు ఎక్కడం. జిమ్‌లో ఎటు పడ్డా మందంగా నురుగు పరుపు ఉంటుంది. బయట కింద పరిచే క్రాష్‌ప్యాడ్ అనే పరుపు చాప వెడల్పు కూడా ఉండదు, దాని పక్కనే రాయి. హంపిలో నేను చూసిన మడమ గాయాల్లో ఎక్కువ భాగం రెండు ప్యాడ్ల మధ్య సందులో పడినవే. ఎక్కే ముందు ఎక్కడ పడతానో చూసుకుని ప్యాడ్ వేయాలి. ఎక్కేవాళ్లు పక్కకి జరిగితే కిందివాళ్లు ప్యాడ్ జరపాలి. ఎలా దిగుతామో కూడా ముందే చూసుకోవాలి. బండ పైకి చేరాక దిగే దారి లేదని తెలుసుకున్నవాళ్లని నేను తాడేసి దించాను.

అపోహ: ముందు జిమ్‌లో బాగా గట్టిపడితేనే బయటికి వెళ్లాలి.

అవసరం లేదు. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన గురుకులం పిల్ల. ఆమె శిక్షణ మొదలైంది భువనగిరి గుట్ట మీద. సరిగ్గా నేర్పేవాళ్లుంటే మొదటి రోజు నుంచే రాయి మీద నేర్చుకోవచ్చు.

అపోహ: సెలవు దొరికితే ఎప్పుడైనా వెళ్లొచ్చు.

మన దగ్గర నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున్నే. ఏప్రిల్‌లో పది గంటలకి బండ మీద చెయ్యి పెట్టలేరు, పెట్టినా చెమటకి జారుతుంది. వాన పడ్డాక గ్రానైట్ త్వరగానే ఆరుతుంది. ఇసుకరాయి అలా కాదు, లోపల తడి ఉంటే రాయే బలహీనపడి పట్లు విరిగిపోతాయి. బాదామిలో వాన పడితే పైన ఆరినట్టు కనిపించినా ఒకటి రెండు రోజులు ఆగండి.

అపోహ: గుట్టలు ఎవరివీ కావు.

ప్రతి గుట్టకీ ఎవరో ఒకరున్నారు. పైన గుడో దర్గానో ఉంటుంది, కోటైతే పురావస్తు శాఖది, కింద పొలాలు. అడగకుండా ఎక్కితే మన తర్వాత వచ్చేవాళ్లకి దారి మూసుకుపోతుంది. చేతులకి రాసుకునే చాక్ పొడి మరకలు బ్రష్‌తో తుడవండి, గుడి దగ్గరి బండలకి అసలు వాడకండి. నగరంలో నేను ఎక్కిన ఎన్నో బండలు పేల్చేశారు, వాటి చోట ఇప్పుడు బిల్డింగులున్నాయి. సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు 1996 నుంచి వీటికోసం కొట్లాడుతున్నారు. మిగిలినవాటిని చూసుకోవాల్సినవాళ్లలో ఎక్కే మనమే ముందుండాలి.

నాలుగేళ్ల కిందట భువనగిరి వైపు ఒక చిన్న గుట్ట దగ్గర తాళ్లు విప్పుతుంటే, మేకలు కాసే పెద్దాయన ఒకరు దగ్గరికొచ్చారు. "అటు పోకుండ్రి బిడ్డా, ఆ చరియ కింద పెద్ద తేనెటీగలున్నయి. సప్పుడు చేస్తే లేస్తయి" అన్నారు. మేం ఎక్కాలనుకున్నది సరిగ్గా ఆ చరియే. నేను రెండుసార్లు చూసి వచ్చినా నాకు కనబడలేదు. ఆయన వేలు పెట్టి చూపించాక కనబడింది, నీడలో నల్లగా, రాతి మరకలాగే వేలాడుతున్న పట్టు. పెద్ద తేనెటీగలు గుంపుగా లేస్తే తాడు మీద ఉన్న మనిషి ఎటూ పారిపోలేడు. సామాను సర్దుకుని గుట్టకి అవతలి వైపు వెళ్లాం. ఇప్పుడు ఆ గుట్టకి ఎప్పుడు వెళ్లినా ముందు ఆయన ఇంటికి వెళ్లి, "ఈసారి పట్టు ఎటుంది తాతా?" అని అడిగి, ఆ తర్వాతే తాడు విప్పుతాం.